ఎదిగే దవడకు దారి చూపే ప్లేట్లు

పై ముందరి పళ్ళు బయటికి పొడుచుకొస్తే జనం ఎత్తు పళ్ళంటారు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి మరమగ్గాల పనికి వెళ్ళి ముంబయి దగ్గర ఠాణే జిల్లాలోని భివండీ పద్మనగర్‌లో స్థిరపడ్డవారి ఇళ్ళల్లో అవి ‘ఎత్తు పండ్లు’. నింద పళ్ళ మీద పడుతుంది గానీ చాలామంది పిల్లల్లో అసలు లోటు కింది దవడది. అది పై దవడకు సరిపడా ముందుకు ఎదగదు. పక్క నుంచి చూస్తే గడ్డం లోపలికి పోయినట్టుంటుంది. కింది పెదవి పై పళ్ళ వెనక్కి చేరి వాటిని ఇంకా బయటికి నెడుతుంది.

చెవికి కాస్త ముందు వేలు పెట్టి నోరు తెరిస్తే అక్కడ కదిలేది దవడ కీలు. కీలులోని గుండ్రటి ఎముక కొనను మృదులాస్థి కప్పి ఉంటుంది. దవడ అక్కడ పైకీ వెనక్కీ పెరుగుతుంది. పైన పుర్రె అడ్డం గనక గడ్డం కిందికీ ముందుకీ జరుగుతుంది. కాళ్ళూ చేతుల ఎముకల చివర ఉండే మృదులాస్థి కన్నా ఇది భిన్నమైన స్వభావం కలది. దవడ ఉన్న భంగిమకూ, కండరాల లాగుడుకూ కొంత లొంగుతుంది. ఆ కొంతే చికిత్సకు ఆధారం.

1908లో డెన్మార్క్ దంతవైద్యుడు విగ్గో ఆండ్రెసెన్ తన కూతురు వేసవి సెలవులకు వెళ్తుంటే పళ్ళ తీగలు తీసేసి, కింది దవడను ముందుకు నడిపే అంచున్న ప్లేటు ఒకటి పెట్టి పంపాడు. తిరిగొచ్చేసరికి పళ్ళ అమరిక చెడకపోగా మెరుగైంది. అదే తర్వాత ‘యాక్టివేటర్’ అయింది. దాదాపు అదే కాలంలో జర్మనీలో ఎమిల్ హెర్బ్‌స్ట్ పళ్ళకు అతికించే, పిల్లలు తీయలేని సాధనం తయారుచేశాడు.

ఇప్పుడు ఎక్కువగా వాడే ట్విన్ బ్లాక్ 1977లో స్కాట్లండ్‌లో పుట్టింది. కిందపడి ముందరి పన్ను కదిలిపోయిన ఓ బాలుడి కోసం విలియం క్లార్క్ దాన్ని చేశాడు: కింది పెదవి వెనక చిక్కుకుని ఆ పన్నును కుదురుకోనివ్వడం లేదు. పైకొకటి, కిందికొకటి రెండు అక్రిలిక్ ప్లేట్లు. దవడ పళ్ళ దగ్గర రెండింటికీ దాదాపు 70 డిగ్రీల వాలున్న దిమ్మెలు. నోరు మూయగానే వాలు మీద వాలు జారి కింది దవడ ముందుకు రాక తప్పదు. పట్టి లాగే బలం ఏదీ లేదు, పని చేసేది పిల్లవాడి కండరాలే. అన్నం తినేటప్పుడు కూడా ఉంచుకోవాలి. మొదటి కొన్ని రోజులు మాట ముద్దగా వస్తుంది, చొంగ కారుతుంది. విసిగి జేబులో వేసుకు తిరిగే పిల్లల్లో ఏ మార్పూ రాదు. ఈ చికిత్సలో అసలు మందు పెట్టుకున్న గంటలే.

ప్లేటుతో దవడ ఎంతైనా పెరుగుతుందన్న ప్రచారాన్ని నమ్మనక్కర్లేదు. కెవిన్ ఓబ్రయన్ బృందం బ్రిటన్‌లో 8–10 ఏళ్ళ పిల్లల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2003లో వచ్చాయి. పై పళ్ళు వెనక్కి, కింది పళ్ళు ముందుకు జరగడం వల్లనే పళ్ళ ఎత్తు చాలావరకు తగ్గింది. ఎముకలో మార్పు స్వల్పం. అయితే తోటివారి వెక్కిరింతలు తగ్గి పిల్లలకు తమ మీద నమ్మకం పెరిగింది. ఆ పిల్లలనే తర్వాత కొన్నేళ్ళు గమనించాక, చిన్నప్పుడే మొదలుపెట్టినవారికీ, ఆగి మొదలుపెట్టినవారికీ చివరికి పెద్ద తేడా కనబడలేదు. తొందరపడడంలో ఒక్క లాభం మాత్రం ఉంది. పడిపోయినప్పుడు ముందరి పళ్ళు విరిగే ప్రమాదం తగ్గుతుంది.

ఆ ఒక్క లాభం తప్ప పెద్ద తేడా లేనందున, పిల్లలు పొడవు పెరిగే ఉరవడి కాలాన్ని చికిత్సకు ఎంచుకుంటారు: ఆడపిల్లల్లో సుమారు 10–13 ఏళ్ళు, మగపిల్లల్లో 11–14. వయసు లెక్క అందరికీ ఒకటి కాదు కాబట్టి, పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో మెడ ఎముకల ఆకారం చూసి నిర్ణయిస్తారు. ఆ కాలం దాటి ఎదుగుదల ఆగాక దవడను ముందుకు తేవాలంటే శస్త్రచికిత్సే దిక్కు.

భివండీలో 12 గంటల షిఫ్టు చేసే మగ్గం కార్మికుడికి కూలి నేసినంత గుడ్డకే. ఆస్పత్రికి వెళ్ళిన రోజు కూలి లేని రోజు. అలాంటి ఇళ్ళకు అక్కరకొచ్చేలా పిల్లల ఆరోగ్య లోపాలను బడిలోనే గుర్తించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 ఫిబ్రవరిలో మొదలైంది అప్పటి ఠాణే జిల్లాలోని పాల్ఘర్‌లోనే. అది చూసే లోపాల్లో పళ్ళ సమస్యలూ ఉన్నాయి. ఇలాంటి ప్లేట్లు వేసే దంత కళాశాలలు ముంబయిలో రెండు ప్రభుత్వరంగంలో ఉన్నాయి. సీఎస్‌ఎంటీ స్టేషన్ పక్కన ప్రభుత్వ దంత కళాశాల ఒకటి, ముంబయి సెంట్రల్ దగ్గర కార్పొరేషన్ నడిపే నాయర్ దంత కళాశాల రెండోది. బిడ్డ ఆరో ఏడో తరగతిలో ఉండగానే ఒకసారి చూపించాలి.