కూర్చుంటే కండ కరుగుతుంది!

సోఫాలోంచి లేవాలి. రెండు చేతులూ మోకాళ్లమీద ఆనించి, 'అమ్మా' అనో 'శ్రీరామా' అనో ఓ మూలుగు మూలిగి, రెండుసార్లు ముందుకు ఊగి... అప్పుడుగానీ పైకి లేవరు. డెబ్భై దాటిన పెద్దవాళ్లున్న చాలా ఇళ్లలో రోజూ కనిపించే దృశ్యమే ఇది. 'మోకాళ్లు అరిగిపోయాయి' అంటారు వాళ్లు. 'వయసైపోయింది కదా' అంటారు ఇంట్లోవాళ్లు. మోకాలి మాట నిజమే కావచ్చు. కానీ చాలాసార్లు అసలు దోషి దానికి కాస్త పైన ఉంటుంది. తొడ కండరం!

ఎముకలు గుల్లబారతాయని అందరికీ తెలుసు, కాల్షియం మాత్రలు వేసుకుంటారు. షుగరూ బీపీల గురించి ఇక చెప్పనే అక్కర్లేదు. కండ ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగరు. అదేదో జిమ్ముకెళ్లి అద్దంలో చూసుకునే కుర్రాళ్ల గొడవ అనుకుంటారు. నిజానికి పాతికేళ్ల కుర్రాడికన్నా డెబ్భై అయిదేళ్ల బామ్మకే కండతో ఎక్కువ పని. మంచం దిగాలన్నా, బస్సు మెట్టెక్కాలన్నా, బాత్‌రూమ్‌లో కాలు జారినప్పుడు నిలదొక్కుకోవాలన్నా అదే కావాలి.

ముప్ఫై దాటాక ప్రతి పదేళ్లకూ 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గిపోతుందని అంచనా. అరవై దాటితే ఆ వేగం ఇంకా పెరుగుతుంది. విచిత్రమేమిటంటే బరువు మాత్రం తగ్గకపోవచ్చు. పోయిన కండ జాగాలో కొవ్వొచ్చి కూర్చుంటుంది. అందుకే బరువు తూచే యంత్రానికి ఈ దొంగతనం తెలీదు. మనవాళ్ల విషయంలో అయితే మరీను. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఆయన బ్రిటిష్ మిత్రుడు యుడ్కిన్ కలిసి దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఎత్తూబరువుల లెక్క ఇద్దరిదీ ఒకటే, బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! చేతులూ కాళ్లూ సన్నగా, పొట్ట ముందుకు... మనకు బాగా తెలిసిన ఆకారమే.

వయసుతోపాటు కండ తరిగిపోవడం అనాదిగా ఉన్నదే అయినా 1980ల చివరిదాకా దానికి ప్రత్యేకించి ఓ పేరంటూ లేదు. అమెరికా పోషకాహార శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ రెండు గ్రీకు మాటలు కలిపి 'సార్కోపీనియా' అన్నారు. కండ లేమి అని అర్థం. అమెరికా ఆసుపత్రులు వాడే జబ్బుల జాబితాలో దానికంటూ ఓ కోడ్ 2016లోగానీ రాలేదు.

తొంభయ్యో ఏట బరువులు

పోయిన కండ తిరిగొస్తుందా? ఈ ప్రశ్నకు బోస్టన్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటున్న పదిమంది జవాబు చెప్పారు. వాళ్ల వయసు 86 నుంచి 96. డాక్టర్ మరియా ఫియటరోన్ బృందం వాళ్లతో ఎనిమిది వారాలపాటు కాళ్లతో బరువులెత్తించింది. అవి తేలికపాటివేం కావు, ఎవరి శక్తికి వాళ్లకు బరువనిపించేవే. ఒకరు మధ్యలో మానేశారు, తొమ్మిదిమంది చివరిదాకా నిలిచారు. 1990లో వచ్చిన ఆ ఫలితాలు చూసి వైద్యలోకం నోరెళ్లబెట్టింది. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే పది కిలోలెత్తిన కాలు ఇరవై ఏడు కిలోలు ఎత్తిందన్నమాట! ఇద్దరైతే చేతికర్ర పక్కన పెట్టేశారు.

తొడ కండరం పెరిగింది మాత్రం 9 శాతమే. మరి అంత బలం ఎక్కడిది? కండ ఉన్నా వాడకపోతే మెదడు దాన్ని పిలవడం మానేస్తుంది. పని చెప్పేసరికి నరాలు మేల్కొని, నిద్రపోతున్న పోగుల్ని కూడా పనిలోకి దించుతాయి. మొదటివారాల్లో కనిపించే బలం చాలావరకూ అలా వచ్చిందే. కండ పెరగడానికి ఇంకాస్త టైము పడుతుంది.

'అంత కష్టం ఎందుకు, మంచి బలమైన ఆహారం పెడితే చాలదా?' మన ఇళ్లలో ముందుగా వచ్చే మాట ఇదే. ఫియటరోన్ బృందమే 1994లో దాన్నీ తేల్చింది. ఈసారి వందమంది. సగటు వయసు 87. కొందరికి వ్యాయామం, కొందరికి రోజూ 360 కేలరీల పోషక పానీయం, కొందరికి రెండూ, మిగతావాళ్లకు ఏదీ లేదు. పదివారాలు గడిచాయి. వ్యాయామం చేసినవాళ్ల బలం 113 శాతం పెరిగింది. చేయనివాళ్లది 3 శాతం. ఉత్త పానీయం తాగినవాళ్లకు బలం రాలేదు. పైగా వాళ్లు మొత్తమ్మీద తిన్నదీ చెప్పుకోదగ్గంత పెరగలేదు. ఇటు వ్యాయామం, అటు పానీయం... రెండూ ఉన్నవాళ్లు మాత్రమే నికరంగా ఎక్కువ తిన్నారు.

ఇదిక్కడి కిటుకు. కండ రోజూ కొంత కూలుతుంది, కొంత కట్టుకుంటుంది. తిన్న మాంసకృత్తులే దానికి ఇటుకలు. వయసు మీదపడ్డాక అదే తిండి తిన్నా కట్టే పని మందగిస్తుంది. శ్రమ చేసిన కండ మాత్రం ఆ ఇటుకల్ని చప్పున అందుకుంటుంది.

పప్పు ఏదీ?

అలాగని తిండి సంగతి వదిలేయడానికి లేదు. ఇటుకలే లేకపోతే మేస్త్రీ ఏం చేస్తాడు? కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు ఉండాలన్నది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క. అరవై అయిదు దాటినవాళ్లకు 1 నుంచి 1.2 గ్రాములు మేలంటూ అంతర్జాతీయ నిపుణుల బృందమొకటి 2013లో సూచించింది. అరవై కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములన్నమాట.

మరి మన పెద్దవాళ్ల పళ్లెంలో ఏముంటుంది? పొద్దున కాఫీ, రెండిడ్లీ. మధ్యాహ్నం చారన్నం, పెరుగన్నం. రాత్రికి 'అరగదు' అంటూ ఓ అరటిపండు, గ్లాసుడు మజ్జిగ. మధ్యలో ఏకాదశులూ శనివారాలూ. పళ్లు కదిలాయని పల్లీలు మానేస్తారు, గ్యాసని శనగలు మానేస్తారు. 'పప్పు తింటున్నాం కదా' అంటారు. ఎంత పప్పు? వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 22 గ్రాముల దాకా మాంసకృత్తులున్న మాట నిజమే. కానీ గరిటెడు నీళ్లపప్పులో పడేది గుప్పెడైనా ఉండదు. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో దాదాపు అంతే, గుప్పెడు పల్లీల్లో ఏడు. పల్లీలు నమల్లేకపోతే పొడి కొట్టుకోవచ్చు. గుడ్డు తిననివాళ్లు ముద్దపప్పు, పెసరట్టు, గట్టి పెరుగు పెంచుకోవచ్చు. అన్నంలో కొరవడే లైసిన్‌ని పప్పు పూరిస్తుంది, కాబట్టి ఆ జోడీ మంచిదే. కలిపే పాళ్లే తిరగబడ్డాయి.

డబ్బాల్లో దొరికే ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం పప్పయినా గుడ్డయినా డాక్టర్ని అడక్కుండా పెంచకూడదు.

మంచం పట్టిస్తే...

'రోజూ నడుస్తున్నాం' అనేవాళ్లూ ఉన్నారు. గుండెకీ షుగరుకీ నడక చాలా మంచిది. కానీ కండ పెరగాలంటే దానికి బరువు తగలాలి. ఒకప్పుడు ఆ బరువు ఇంట్లోనే ఉండేది... బావి గిలక, రుబ్బురోలు, పీటమీద భోజనం. నేలమీంచి లేవడమే రోజుకు నాలుగుసార్ల వ్యాయామం. ఆ చాకిరీ మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరుగానీ, దాంతోపాటు తొడల పనీ పోయింది.

అన్నిటికన్నా ప్రమాదం మనం ప్రేమగా ఇచ్చే విశ్రాంతి. అరవై ఏడేళ్ల సగటు వయసున్న పన్నెండుమంది ఆరోగ్యవంతుల్ని పదిరోజులు మంచంమీదే ఉంచిన అమెరికా పరిశోధన ఒకటి 2007లో వచ్చింది. ఆ పదిరోజుల్లో కాళ్లలోంచే దాదాపు కిలో కండ పోయింది! జ్వరమొచ్చి తగ్గిన నాన్నను 'మీరు కదలకండి, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం' అనే కొడుకూకోడళ్లు ఈ లెక్క ఒక్కసారి చూడాలి.

ఇంట్లోనే ఓ పరీక్ష పెట్టుకోవచ్చు. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు గుండెమీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోవాలి. పక్కన ఒకరుంటే మంచిది. పన్నెండు సెకన్లు, ఆపైన పడితే కండ సంగతి చూసుకోవాల్సిందేనని ఆసియా దేశాల నిపుణులు 2019లో గీత గీశారు. పరీక్షే మందు కూడా. మొదట్లో కుర్చీ చేతులు పట్టుకునైనా సరే వారానికి రెండుమూడు రోజులు, రోజుకు ఎనిమిది పదిసార్లు రెండు విడతలుగా లేచి కూర్చోవాలి. అది తేలికయ్యాక చేతుల్లో చెరో నీళ్లసీసా. ఊపిరి బిగబట్టకూడదు. గుండెజబ్బున్నా, ఈమధ్యే ఆపరేషనైనా ముందు డాక్టరు మాట వినాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మానేయాల్సిన పన్లేదు. తొడ గట్టిపడేకొద్దీ మోకాలి మీద భారం తగ్గుతుంది.

బోస్టన్ పెద్దవాళ్ల కథలో ఓ చివరి ముక్క మిగిలింది. ఎనిమిది వారాలయ్యాక వాళ్లచేత బరువులు మాన్పించి, నాలుగు వారాలు ఆగి మళ్లీ కొలిచారు. బలం 32 శాతం పడిపోయింది. కాబట్టి సంక్రాంతికని కూతురింటికెళ్లి నెల్లాళ్లు ఉండిపోయే బామ్మలూ తాతయ్యలూ... అక్కడ కూడా కుర్చీలుంటాయి!