హేలో ప్లేస్టేషన్‌కి ఎలా వచ్చింది? 2013లో తగిలిన దెబ్బ ఇంకా మానలేదు

ఫోర్జాని ప్లేస్టేషన్‌లో ఆడొచ్చు అని పదేళ్ల కిందట ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవాళ్లం. 2025 ఏప్రిల్‌లో ఫోర్జా హొరైజన్ 5 పీఎస్5లో దిగింది. ఆగస్టులో గేర్స్ ఆఫ్ వార్ వచ్చింది. అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ ఏకంగా హేలో రీమేక్‌నే పీఎస్5కి ప్రకటించింది. 2001లో మొదటి ఎక్స్‌బాక్స్‌ని చాలామంది కొన్నదే హేలో కోసం. ఇంటి పేరు లాంటి గేమ్‌ని పక్కింటికి ఇస్తున్నారంటే లోపల ఏదో పెద్దదే జరిగి ఉండాలి కదా!

ఎక్స్‌బాక్స్‌లో పవర్ తక్కువ, అందుకే ఓడిందని కొందరు తేల్చేస్తారు. స్పెక్స్ చూస్తే ఆ మాట నిలబడదు. సిరీస్ ఎక్స్ జీపీయూ 12 టెరాఫ్లాప్స్, పీఎస్5ది 10.28. అసలు దెబ్బ తగిలింది అంతకు ముందు జనరేషన్‌లో.

2013లో ఎక్స్‌బాక్స్ వన్‌ని చూపించినప్పుడు మైక్రోసాఫ్ట్ కొన్ని షరతులు పెట్టింది. కన్సోల్ 24 గంటలకోసారి నెట్‌కి కనెక్ట్ అవ్వాలి. డిస్క్ కొన్నా సరే గేమ్ మన అకౌంట్‌కి ముడిపడిపోతుంది. ఫ్రెండ్‌కి ఇవ్వాలన్నా, సెకండ్ హ్యాండ్‌లో అమ్మాలన్నా వాళ్ల రూల్స్ ప్రకారమే. పైగా కైనెక్ట్ కెమెరా తప్పనిసరి, ధర 499 డాలర్లు. సోనీ పీఎస్4ని 399కి పెట్టి, గేమ్ షేర్ చేయడం ఎలాగో చెబుతూ ఓ చిన్న వీడియో వదిలింది. అందులో ఒకాయన డిస్క్ తీసి ఇంకొకాయన చేతిలో పెడతాడు. అంతే, వీడియో అయిపోయింది! కొద్ది రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ ఆ రూల్స్‌ని వెనక్కి తీసుకుంది గానీ, జనం అప్పటికే అటు తిరిగేశారు. పీఎస్4 11.7 కోట్లు అమ్ముడైంది. అది మా కన్సోల్ కంటే రెట్టింపుకి పైగా పోయిందని బ్రెజిల్ రెగ్యులేటర్‌కి ఇచ్చిన పత్రాల్లో మైక్రోసాఫ్టే తర్వాత ఒప్పుకుంది.

తమాషా ఏంటంటే, డిస్క్ మీద అంత గొడవ చేసిన మనమే అదే జనరేషన్‌లో డిజిటల్‌కి అలవాటు పడ్డాం. సేల్ వచ్చినప్పుడల్లా ఒకటీ రెండూ కొంటూ లైబ్రరీ పెంచేశాం. ఓడిపోకూడని జనరేషన్‌లోనే మేం ఓడిపోయామని అప్పటి ఎక్స్‌బాక్స్ బాస్ ఫిల్ స్పెన్సర్ 2023లో చెప్పింది ఈ అర్థంలోనే. డిస్కుల రోజుల్లో అన్నీ అమ్మేసి వేరే కన్సోల్‌కి మారిపోవచ్చు. ప్లేస్టేషన్ స్టోర్‌లో కొన్న 80 గేమ్స్‌ని ఎక్కడికి తీసుకెళ్తాం? సిమ్ నంబర్‌ని పోర్ట్ చేసుకోవచ్చు, గేమ్ లైబ్రరీకి ఆ ఛాన్స్ లేదు. మా ఫీల్డ్‌లో దీన్నే వెండర్ లాక్-ఇన్ అంటాం.

జనం డబ్బా దగ్గరికి రాకపోతే గేమ్సే జనం దగ్గరికి వెళ్లాలి. 2017లో గేమ్ పాస్ మొదలైంది. తర్వాత బెథెస్డా మాతృసంస్థకి 750 కోట్ల డాలర్లు, యాక్టివిజన్ బ్లిజార్డ్‌కి 6,870 కోట్ల డాలర్లు. ఇంత పోశాక ఒక్క ఎక్స్‌బాక్స్‌లోనే అమ్మితే లెక్క తేలదు. కన్సోల్ హార్డ్‌వేర్ మీద మాకెప్పుడూ లాభం రాలేదని ఆ కంపెనీ అధికారే 2021లో కోర్టులో సాక్ష్యం చెప్పారు. డబ్బంతా స్టోర్ కమీషన్‌లో, సబ్‌స్క్రిప్షన్‌లో ఉంది. అందుకే 2024లో సీ ఆఫ్ థీవ్స్ లాంటి నాలుగు గేమ్స్‌తో గేటు తెరిచారు.

నా అనుమానం ఒక్కటే. 2025 అక్టోబర్‌లో అమెరికాలో గేమ్ పాస్ అల్టిమేట్ నెలకి 19.99 డాలర్ల నుంచి 29.99కి ఎగిరింది. 2020లో 499 డాలర్లున్న సిరీస్ ఎక్స్ అదే నెలలో 649.99 అయింది. అంతకు ముందు ఆగస్టులో పీఎస్5 కూడా 50 డాలర్లు పెరిగింది. మామూలుగా కన్సోల్ పాతబడేకొద్దీ రేటు తగ్గాలి. టారిఫ్‌లు, విడిభాగాల ఖర్చు ఉన్నాయి, కాదనను. కానీ పక్కన గట్టి పోటీదారు ఉంటే సోనీకి ఇంత ధైర్యం వచ్చేదా?

నింటెండోది వేరే దారి. వీ యూ 1.36 కోట్ల దగ్గర ఆగిపోతే, ఇంట్లో టీవీకీ బయట చేతిలోకీ పనికొచ్చే స్విచ్ చేసి 15 కోట్లు దాటించింది. మారియో కొత్త కన్సోల్ గేమ్ కావాలా? వాళ్ల మెషీనే కొనాలి. మన దగ్గర అధికారికంగా అమ్మకపోవడం మాత్రం బాధే.

ఇప్పుడు పీఎస్5 కొనేవాళ్లయితే డిస్క్ డ్రైవ్ ఉన్నదే తీసుకోండి, రేటు కొంత ఎక్కువైనా సరే. ఆడేసిన డిస్క్‌ని ఓఎల్ఎక్స్‌లో పెట్టి కొంత వెనక్కి రాబట్టొచ్చు. ఎక్స్‌బాక్స్ వైపు చూసేవాళ్లు కాస్త ఆగండి. ఒకే స్టోర్‌కి కట్టేయని ఎక్స్‌బాక్స్ చేస్తామని మైక్రోసాఫ్ట్ 2025 జూన్‌లోనే చెప్పింది. అక్టోబర్‌లో వచ్చిన ఆర్ఓజీ ఎక్స్‌బాక్స్ అలై హ్యాండ్‌హెల్డ్ దాని శాంపిల్. లోపల ఉన్నది విండోసే కాబట్టి స్టీమ్ నడుస్తుంది, స్టీమ్‌లో సోనీ వాళ్ల గాడ్ ఆఫ్ వార్ దొరుకుతుంది. ఎక్స్‌బాక్స్ లోగో ఉన్న మెషీన్‌లో ఇప్పుడు క్రేటోస్‌ని ఆడొచ్చు.