మూడు గళ్లు, ఒక పెన్సిల్

ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు కుప్పలుగా దొరుకుతాయి. వాటిని తిరగేయడం నాకు అలవాటు. చాలావాటిలో ఒకటే తీరు. మొదటి ముప్పై నలభై పేజీల్లో వాక్యాల కింద గీతలు, అంచుల్లో టిక్కులు. ఆ తర్వాతి పేజీలు నలగనైనా నలగవు. "మీ జవాబు ఇక్కడ రాయండి" అని రచయిత వదిలిన చుక్కల గీతలైతే ఎప్పుడు చూసినా ఖాళీయే. పుస్తకం మనిషిని మారుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ ఖాళీ గీతల దగ్గరే ఉందని పరిశోధనలు చదివిన కొద్దీ నాకు గట్టిగా అనిపిస్తోంది.

1960లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు డిప్రెషన్‌తో వచ్చేవాళ్ల మాటలు వింటూ ఒక సంగతి పట్టుకున్నాడు. వాళ్లు పైకి చెప్పే మాటల వెనక, వాళ్లకే సరిగ్గా వినపడని మరో మాటల వరస నడుస్తోంది. "నేను దేనికీ పనికిరాను", "ఈయనకి నా సోది విసుగ్గా ఉంది" లాంటివి. పిలవకుండానే వస్తాయి, వచ్చీ రాగానే నిజమనిపిస్తాయి. వాటిని పట్టుకుని, నిజమో కాదో తేల్చే వైద్యమే కాగ్నిటివ్ థెరపీ. ఆ పద్ధతిని బెక్ దగ్గర నేర్చుకున్న డేవిడ్ బర్న్స్ 1980లో 'ఫీలింగ్ గుడ్' అనే పుస్తకంలో మామూలు పాఠకుల చేతికిచ్చాడు.

ఆ పుస్తకానికి గుండెకాయ మూడు నిలువు గళ్లున్న ఒక కాగితం. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గదిలో ఉండి గ్రూప్-1కి చదువుతున్న ఒక అమ్మాయి ప్రిలిమ్స్ పోయిందనుకుందాం. మొదటి గడిలో మనసులో తిరుగుతున్న మాట ఉన్నదున్నట్టు రాయాలి: "నా వల్ల కాదు. నాన్న ఇంక నా మొహం చూడడు." రెండో గడిలో ఆ మాటలో ఉన్న తప్పు పేరు. ఇలాంటి పొరపాట్లకు బర్న్స్ పది రకాల పేర్లు ఇచ్చాడు. ఒక్క ఓటమిని జీవితమంతటికీ పులిమేయడం ఒకటి, ఎదుటివాళ్ల మనసులో ఏముందో అడగకుండానే తేల్చేయడం ఇంకొకటి. ఈ అమ్మాయి రాతలో రెండూ ఉన్నాయి. మూడో గడిలో తనకు తాను ఇచ్చుకునే జవాబు: "ఈసారి పోయింది. పాలిటీ బాగానే చేశాను, ఎకానమీలో దెబ్బతిన్నాను. నాన్న ఏమంటాడో నేనింకా అడగలేదు."

చివరి వాక్యం చూడండి. అందులో ఓదార్పేమీ లేదు. వెళ్లి కనుక్కోదగిన ఒక సంగతి ఉంది. తలలో తిరుగుతున్నంతసేపూ ఆలోచన కళ్లద్దం లాంటిది, లోకమంతా దాని రంగులోనే కనపడుతుంది. కాగితం మీద పెడితే అద్దాన్ని తీసి చేత్తో పట్టుకున్నట్టు. దాని మీది గీత అప్పుడు తెలుస్తుంది.

ఇది పనిచేస్తుందో లేదో అమెరికాలోనే మనస్తత్వవేత్త ఫారెస్ట్ స్కోగిన్ బృందం పరీక్షించింది. 1987లో వెలువడిన అధ్యయనంలో డిప్రెషన్ ఉన్న వృద్ధుల్లో కొందరికి 'ఫీలింగ్ గుడ్', పోల్చడానికి మరికొందరికి విక్టర్ ఫ్రాంకెల్ రాసిన 'మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్' ఇచ్చారు. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడిన మనిషి రాసిన ఆ రెండో పుస్తకం అంటే నాకు ఎనలేని గౌరవం. అయినా ఎక్కువ కుదుటపడింది మొదటి పుస్తకం చదివినవాళ్లే. కదిలించే శక్తి వేరు, పని చేయించే శక్తి వేరు. 1995 నాటి మరో పరీక్షలో 80 మందిని తీసుకుని సగం మందికి వెంటనే 'ఫీలింగ్ గుడ్' ఇచ్చారు, మిగతావాళ్లను నాలుగు వారాలు ఆగమన్నారు. గడువు ముగిసేసరికి చదివినవాళ్లలో నూటికి దాదాపు 70 మంది డిప్రెషన్ నిర్ధారణ పరిధి నుంచి బయటికొచ్చారు. ఆగినవాళ్లలో మార్పు దాదాపు లేదు. మూడేళ్ల తర్వాత చూసినా చాలామందిలో ఆ మేలు నిలిచే ఉంది.

ఈ పరీక్షలు చిన్నవి. పైగా పుస్తకం ఇచ్చి వదిలేయలేదు, ఎంతవరకు వచ్చారని వారం వారం ఫోన్ చేసి అడిగేవారు. ఆ ఫోన్ చిన్న విషయం కాదని నేననుకుంటాను. అడిగే మనిషి ఉన్నప్పుడు ఖాళీ గీతలు నిండుతాయి.

అద్దం ముందు నిలబడి "నేను గొప్పవాణ్ణి" అని పదిసార్లు అనుకోమనే పుస్తకాలూ ఉన్నాయి. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోవాన్ వుడ్ 2009లో ఇలాంటి మాటల్నే పరీక్షకు పెట్టింది. తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉన్నవాళ్లకు అలా అనుకున్నాక మనసు ఇంకా కుంగింది. నమ్మలేని మాట అనుకోగానే, అది ఎందుకు నిజం కాదో మనసు వెంటనే లెక్కలు తీస్తుంది కాబోలు. మూడో గడిలో ఉండాల్సింది సాక్ష్యం, పొగడ్త కాదు.

21 రోజుల్లో అలవాటు వస్తుందనే మాట కూడా పరీక్షకు నిలవలేదు. మ్యాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ తన రోగులు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు పడుతోందని 1960లో రాశాడు. అది నోటా నోటా పడి, ఏ అలవాటైనా 21 రోజుల్లో వచ్చేస్తుందనే సూత్రమైంది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనిస్తే సగటున 66 రోజులు తేలింది. కొందరి లెక్క 18 రోజులైతే, మరికొందరిది 254. ఇరవై రెండో రోజున చతికిలపడి తనను తాను తిట్టుకునే పాఠకుడికి ఈ అంకెలు తెలియాలి.

తిండి సయించక, నిద్ర పట్టక, బతకాలని లేదనిపించేవాళ్లు పుస్తకంతో సరిపెట్టుకోకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

మిగతావారికి పుస్తకం మంచి మందే. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 2003 నుంచి వైద్యులు చీటీ మీద పుస్తకం పేరు రాసిచ్చేవారు, రోగి దాన్ని గ్రంథాలయానికి పట్టుకెళ్లి తెచ్చుకునేవాడు. 2013లో ఇంగ్లండ్ అంతటా ఇలాంటి పథకం వచ్చింది. మన జిల్లా గ్రంథాలయాల్లోనూ వ్యక్తిత్వ వికాసం బీరువా ఉంటుంది. అయితే ఆ పుస్తకాల్లో రాయకూడదు. అందుకని పక్కన ఒక వంద పేజీల నోటు పుస్తకం, పేజీకి రెండు నిలువు గీతలు కొట్టి.