రొయ్యల గుంట గట్టున ల్యాప్‌టాప్

"అన్నా, కరెంటు పోతే చాలు, దీనికి నీరసం వచ్చేస్తాది. బ్యాటరీ పోయినట్టుండాది, కొత్తది వెయ్యి." మైపాడు వైపు రొయ్యల గుంటలు చేసే కుర్రాడు ల్యాప్‌టాప్ నా బల్లమీద పెట్టాడు. నెల్లూరులో పన్నెండేళ్లుగా నేను చేసేది ఈ రిపేర్లే. బ్యాటరీ పరీక్షించాను. బాగానే ఉంది.

టాస్క్ మేనేజర్ తెరిచి, సీపీయూ వేగం చూడమన్నాను. ఊరికే ఉన్నప్పుడు 1.1 గిగాహెర్ట్జ్. మేత లెక్కల ఫైలు తెరవగానే 3 దాటింది. ఫైలు తెరుచుకోగానే మళ్లీ దిగింది.

"అదేందన్నా, దానంతట అదే తగ్గతా ఉండాదే!"

"గుంట కాడ నువ్వు చేసేదీ అదే గదా" అన్నా. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది గనక నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ తిప్పుతాడు. ఎండెక్కాక నీటిలోని పాచే ఆక్సిజన్ ఇస్తుంది, కొన్ని ఆపేస్తాడు. ప్రాసెసర్ కూడా పని ఎంతుందో చూసుకునే నడుస్తుంది. కాకపోతే సెకనుకు ఎన్నోసార్లు చూసుకుంటుంది.

అయితే ఏరియేటర్లు సగం ఆపితే మిగిలేది సగం కరెంటే. ప్రాసెసర్‌లో లాభం అంతకన్నా ఎక్కువ. వేగం తగ్గితే దానికిచ్చే వోల్టేజీని కూడా తగ్గించొచ్చు. కరెంటు ఖర్చేమో వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 2000 జనవరిలో ఇంటెల్ నుంచి 'స్పీడ్‌స్టెప్' అనే ఈ పద్ధతితో వచ్చిన పెంటియం 3 చిప్‌నే చూడండి. చార్జర్ మీద 650 మెగాహెర్ట్జ్, 1.6 వోల్టులు. బ్యాటరీ మీద 500 మెగాహెర్ట్జ్, 1.35 వోల్టులు. వేగం పావు వంతు కూడా తగ్గలేదు, లెక్క కడితే చిప్ ఖర్చు మాత్రం దాదాపు సగానికి పడింది. అప్పట్లో ఆ రెండే గేర్లు. ఇప్పటి చిప్‌లకు పదుల కొద్దీ మెట్లున్నాయి. వోల్టేజీ మరీ తగ్గితే చిప్ పనిచేయదు, ఆ హద్దు దగ్గర వేగం ఇంకా తగ్గించినా పెద్దగా కలిసిరాదు. అందుకే ఒక్కోసారి పని గబగబా ముగించి నిద్రపోవడమే దానికి చవక.

మరి ఇతని యంత్రం ఎందుకంత నీరసించింది? రెండు కారణాలు దొరికాయి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు పవర్ మోడ్ బాగా పొదుపులో ఉంది. దాన్ని 'బ్యాలెన్స్‌డ్'కి మార్చాను. ఇక మూత తీస్తే ఫ్యాను వెనక రేకుల సందుల్లో దుమ్ము దట్టంగా పేరుకుని, ఉప్పుగాలి తేమకు అట్టకట్టింది. గాలి ఆడక చిప్ వేడెక్కుతోంది. వేడెక్కిన చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేస్తుంది. బ్రష్షుతో శుభ్రం చేసి, చిప్ మీద ఎండిపోయిన పేస్టు మార్చాను.

సముద్రం పక్కన ఉండేవాళ్లకు నా మనవి ఒక్కటే. బ్యాటరీకి వేలు పోసే ముందు సెట్టింగ్స్‌లో పవర్ మోడ్ చూడండి, ఫ్యాను ఏడాదికోసారి శుభ్రం చేయించండి. ఆ కుర్రాడు పాత బ్యాటరీతోనే మైపాడు వెళ్లాడు.