ముహూర్తాన్ని బట్టే దీవి!

పెళ్లికి పంతులుగారు ముహూర్తం పెడతారు. మరి హనీమూన్‌కి? సముద్రం పెడుతుంది! ఆ సంగతి తెలియక శ్రావణంలో మాల్దీవులకీ, మాఘంలో బాలీకీ టికెట్లు కొనేసే కొత్త జంటలు ఎందరో. తీరా వెళ్లాక గది కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. ఏ మాసంలో పెళ్లయితే ఏ దీవి మేలు? ఎక్కడ ఖర్చెంత దాగి ఉంటుంది? టికెట్టు కొనేముందు ఓసారి చూసుకోండి.

తాంబూలాలు పుచ్చుకున్న రోజు నుంచే ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. కల్యాణ మండపం, క్యాటరింగు, పట్టుచీరలు, బ్యాండు మేళం... అన్నీ ఒక కొలిక్కి వచ్చాక ఎవరో స్నేహితుడు అడుగుతాడు, 'ఇంతకీ హనీమూన్ ఎక్కడికిరా?' అని. ఒకప్పుడైతే ఊటీ, కొడైకెనాల్ అంటే సరిపోయేది. కాస్త స్తోమత ఉంటే కాశ్మీరు. ఇప్పుడలా కాదు. అబ్బాయి ఫోనులో నీలాల నీళ్ల మీద చెక్క కుటీరం. అమ్మాయి ఫోనులో కొబ్బరిచెట్టుకి కట్టిన ఉయ్యాల. ఇద్దరి మనసూ దీవి మీదే. ఏ దీవి అన్నదగ్గరే పేచీ.

లక్షల్లో ఖర్చయ్యే వ్యవహారం. పైగా పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో, ఇంకా ఒకరికొకరు కొత్తగానే ఉన్న ఇద్దరూ కలిసి తీసుకునే తొలి నిర్ణయం ఇదే. అబ్బాయి సర్‌ప్రైజ్ అంటూ పడవల మీద తిరిగే యాత్ర బుక్ చేస్తాడు. అమ్మాయికేమో పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. ఆ నాలుగు రోజులూ ఎలా గడుస్తాయో వేరే చెప్పాలా! అందుకే మొదటి సూత్రం... ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం. రెండోది, క్యాలెండరు చూసుకోవడం.

మన మాసాలు... వాళ్ల వానలు

హిందూ మహాసముద్రంలోని దీవులన్నిటికీ ఒకేసారి వానలు పడవు. మనకి వానలు తెచ్చే నైరుతి రుతుపవనాలే మే నుంచి సెప్టెంబరు దాకా అండమాన్, లక్షద్వీప్, మాల్దీవుల్నీ తడుపుతాయి. భూమధ్యరేఖకి దిగువనున్న బాలీ, మారిషస్‌లలో లెక్క తిరగబడుతుంది. మనకి వానలైనప్పుడు అక్కడ పొడి వాతావరణం. మనకి చలికాలం వచ్చేసరికి అక్కడ వానలూ తుపానులూ. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం చిక్కు విడిపోయినట్టే.

మాఘం, ఫాల్గుణం: ఇంటి దగ్గరి దీవులే

జనవరి చివరి నుంచి మార్చి దాకా జరిగే పెళ్లిళ్లకి అండమాన్‌ని మించింది లేదు. పాస్‌పోర్టు అక్కర్లేదు, వీసా ఊసే లేదు. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌కి చెన్నై నుంచి రెండుగంటల పైచిలుకు ప్రయాణం. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ చాలామంది. ఇడ్లీ, సాంబారుకి వెతుక్కోనక్కర్లేదు. అసలు అందమంతా అక్కడి నుంచి పడవలో వెళ్లే హావ్‌లాక్‌లో ఉంది. 2018లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. అక్కడి రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేటి బీచ్‌గా ఎంచింది. ఒక్క సంగతి... గడియారంలో మన సమయమే అయినా ఈ దీవులు బాగా తూర్పున ఉన్నాయి. డిసెంబరులో సాయంత్రం అయిదింటికే పొద్దు గూకుతుంది. కాబట్టి పొద్దెక్కేదాకా పడుకుంటే సగం రోజు పోయినట్టే.

ఇంకో జాగ్రత్త. తిరుగు విమానం ఎక్కే ముందురోజు రాత్రికల్లా హావ్‌లాక్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి వచ్చేయాలి. 2016 డిసెంబరులో వాతావరణం ఒక్కసారిగా పాడై పడవలు ఆగిపోవడంతో వందలాది పర్యాటకులు హావ్‌లాక్, నీల్ దీవుల్లో చిక్కుకుపోయారు. చివరికి నౌకాదళం ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది.

లక్షద్వీప్ మరీ ప్రశాంతం. 36 దీవుల్లో జనం ఉండేవి పదే. కొచ్చిన్ నుంచి అగత్తికి విమానం, కొన్ని దీవులకి ఓడ. అయితే ముందే అనుమతి పత్రం తీసుకోవాలి. గదులు తక్కువ కాబట్టి పెళ్లి ఖాయమైన వెంటనే ప్రయత్నిస్తేనే దొరికేది.

ఇక అందరి నోటా వినపడే మాల్దీవులకీ ఇదే అదను. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం అద్దంలా ఉంటుంది. మనవాళ్లకి అక్కడ దిగాక ఉచితంగానే వీసా ఇస్తారు. దాదాపు 1,190 దీవులున్న ఆ దేశంలో చాలా రిసార్టులకి ఒక్కోదానికి ఒక్కో దీవి. అంటే ఆ దీవిలో ఆ హోటలు తప్ప వేరే కొట్టుండదు, కాకా హోటలుండదు. మంచినీళ్ల సీసా దగ్గర్నుంచి అన్నీ వాళ్ల ధరకే కొనాలి. అందుకే గది అద్దె ఒక్కటే చూసి మురిసిపోకూడదు. హాఫ్ బోర్డు అంటే పొద్దున టిఫినూ రాత్రి భోజనమే. ఫుల్ బోర్డు తీసుకుంటే మధ్యాహ్నం భోజనం కూడా కలుస్తుంది. ఇక దూరపు దీవులకి వెళ్లే సీప్లేన్ టికెట్టు ఒక్కొక్కరికి రానూపోనూ వందల డాలర్లలో ఉంటుంది. అదీ పగలే ఎగురుతుంది. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలే దగ్గర గది తీసుకోవడం అదనపు ఖర్చు. పర్యాటకుల బిల్లు మీద పన్ను 2025 జులైలో 17 శాతానికి పెరిగింది. దానికి తోడు 10 శాతం సర్వీసు ఛార్జీ. రోజుకింత అని గ్రీన్ ట్యాక్సు వేరే!

అంత ఖర్చు వద్దనుకుంటే స్థానికులు నివసించే మాఫుషి లాంటి దీవుల్లో గెస్ట్‌హౌసులు ఉన్నాయి. అక్కడికి స్పీడ్‌బోటులో వెళ్లొచ్చు. అది ముస్లిం దేశం కనుక ఊళ్లో ఒళ్లంతా కప్పుకునే దుస్తులు వేసుకోవాలి. మద్యం ఉండదు. పూజకోసం అమ్మ పెట్టిచ్చే చిన్న విగ్రహం కూడా కస్టమ్స్ వాళ్లు దేశంలోకి రానివ్వరు. పెట్టె సర్దేటప్పుడే ఈ విషయం పెద్దవాళ్లకి చెప్పేస్తే మంచిది.

వైశాఖం, జ్యేష్ఠం: బాలీ పిలుస్తోంది

ఎండాకాలం పెళ్లిళ్లకి అండమాన్ తలుపు మూసుకుంటూ ఉంటే బాలీ తలుపు తెరుచుకుంటుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు తక్కువ. ఇండోనేషియాలో భాగమైన ఈ దీవిలో ఎక్కువమంది హిందువులే. వీధి గుమ్మాల ముందు పూలూ అక్షింతలూ పెట్టిన చిన్నచిన్న ఆకు దొప్పలు కనిపిస్తాయి. ఉలువాటు గుడి దగ్గర సంధ్యవేళ రామాయణ కథతో కెచక్ నృత్యం చేస్తారు. అక్కడి కోతులు కళ్లజోళ్లు లాక్కుపోవడంలో ఘనాపాఠీలు! ఉబుద్‌లో వరిమళ్లు చూస్తే మన కోనసీమ కొండెక్కినట్టు ఉంటుంది.

ఉగాది రోజుల్లో వెళ్లేవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. బాలీవాళ్ల కొత్త సంవత్సరం 'న్యేపి' చాలా ఏళ్లు ఉగాదికి అటూఇటూగా వస్తుంది. 2026లో రెండూ మార్చి 19నే. ఆ రోజు దీవంతా మౌనం. ఎవరూ వీధిలోకి రాకూడదు, దీపాలు పెట్టకూడదు. విమానాశ్రయం కూడా 24 గంటలు మూతే. శాకాహారులకి టోఫు, టెంపే దొరుకుతాయి కానీ, అక్కడి సంబల్ పచ్చడిలో ఎండు రొయ్యల ముద్ద కలుపుతుంటారు. అడిగి తినాలి. ఇక అద్దె స్కూటరు... అంతర్జాతీయ లైసెన్సు లేకుండా నడిపి పడిపోతే బీమా కంపెనీ పైసా ఇవ్వదు.

బడ్జెట్ తక్కువా? శ్రీలంక ఉండనే ఉంది. ఆ చిన్న దీవికి రెండు వానాకాలాలు. బెంటోట, మిరిస్సా ఉన్న నైరుతి తీరానికి డిసెంబరు నుంచి మార్చి మంచిది. మే నుంచి సెప్టెంబరు దాకా అయితే తూర్పున త్రింకోమలీ, పాసికుడా. తీరం మారిస్తే చాలు, దాదాపు ఏడాదంతా ఎండ దొరుకుతుంది.

శ్రావణం: తెలుగువాళ్ల దీవికి

ఆషాఢంలో అమ్మాయిని పుట్టింటికి పంపేస్తారు. శ్రావణంలో మళ్లీ బాజాలు. జులై, ఆగస్టుల్లో మాల్దీవుల ప్యాకేజీలు సగం ధరకే వస్తున్నాయంటే కారణం వానలే. ఫుకెట్‌లోనూ అంతే. మే నుంచి అక్టోబరు దాకా అక్కడి తీరాల్లో ఎర్రజెండాలు ఎగురుతుంటాయి. అదే థాయ్‌లాండ్‌లో తూర్పువైపు ఉన్న కో సముయి ఆ సమయానికి చక్కగా ఉంటుంది.

శ్రావణపు జంటకి మారిషస్ మంచి ఎంపిక. అక్కడప్పుడు చలికాలం. మన చలి కాదు, పలచటి స్వెట్టరు సరిపోయేంత. దీవి చుట్టూ పగడపు దిబ్బలు గోడ కట్టినట్టు ఉండటంతో చాలా తీరాల్లో నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. ఆ నెలల్లో తూర్పు తీరాన ఈదురుగాలి కాబట్టి గ్రాండ్ బే, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ ఉన్న ఉత్తర, పడమటి తీరాల్లో గది తీసుకోవాలి. మనవాళ్లకి ముందస్తు వీసా అవసరం లేదు. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. కోరంగి రేవు నుంచి వెళ్లారు కనుక వాళ్లని కోరింగీలనేవారు. ఆ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవు. ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది కూడా అక్కడే. మన వలస కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. సముద్రస్నానాల మధ్య ఓ పూట అక్కడికీ వెళ్లి రావచ్చు.

కార్తీకం, మార్గశిరం: అటూఇటూ కాని కాలం

నవంబరు కాస్త తిరకాసు నెల. అండమాన్‌కి తుపానుల బెడద ఉంటుంది. బాలీలో వానలు మొదలవుతాయి. కో సముయికి అది గట్టి వానల నెల. ఫుకెట్ మాత్రం తెరిపినిస్తుంది. మారిషస్‌లో తుపానులు సాధారణంగా జనవరి నుంచి మార్చి మధ్య వస్తాయి కాబట్టి నవంబరులో నిశ్చింతగా వెళ్లొచ్చు. డిసెంబరు వచ్చాక మాల్దీవుల్లో అన్నీ బాగానే ఉంటాయి, ధరలు తప్ప! క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాల్లో మాల్దీవుల రిసార్టులు చాలావరకు పండగ విందుకి తప్పనిసరిగా విడి బిల్లు వేస్తాయి. ఓ పదిరోజులు జరుపుకుంటే ఆ డబ్బు మిగిలినట్టే.

ఇంటిపేరుతో పేచీ

విమానాశ్రయంలో కొత్త జంటలు ఆగిపోయేది ఎక్కువగా పేరు దగ్గరే. పెళ్లయింది కదాని టికెట్టు మీద అమ్మాయికి అత్తింటివారి ఇంటిపేరు రాయించేస్తారు. పాస్‌పోర్టులో పుట్టింటిపేరే ఉంటుంది. రెండూ కలవకపోతే విమానం ఎక్కనివ్వరు. పెళ్లయినంత మాత్రాన ఇంటిపేరు మార్చుకోవాలన్న నిబంధన లేదు. పాత పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు టికెట్టు తీసుకుంటే సరి. పాస్‌పోర్టుకి ఇంకా ఆరునెలలకి పైగా గడువుండాలి. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆయా దేశాల అధికారిక సైట్లలోనే చూసుకోవాలి.

తేదీల విషయంలో ఇంట్లో పెద్దల్నీ అడగాలి. వ్రతం, మూడు నిద్రలు, పదహారు రోజుల పండగ... ఇవన్నీ లెక్కేసుకున్నాకే టికెట్లు. లేదంటే రద్దు ఛార్జీలు కట్నంగా ఇచ్చుకోవాల్సిందే! ఇక ట్రావెల్ ఏజెన్సీవాళ్లు విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ అని ముందే పన్ను వసూలు చేస్తారు. అది ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది. రసీదు ఎవరి పాన్ నంబరు మీద ఉందో చూసుకుని దాచుకోవాలి.

నీళ్లతో పరాచికాలొద్దు

దీవి అంటే నీళ్లు. మనలో ఈత వచ్చినవాళ్లు తక్కువ. లైఫ్ జాకెట్ లేకుండా స్నార్కెలింగ్‌కి దిగకూడదు. ఎర్రజెండా ఉంటే మోకాలి లోతు కూడా వద్దు. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డువైపు ఎదురీదబోయి అలసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి కదిలితే బయటపడే వీలుంటుంది. మద్యం తాగి నీళ్లలోకి దిగడం, ఫొటో కోసం జారుడు బండల అంచుకి వెళ్లడం... కొత్త జీవితాల్ని మొదట్లోనే ముంచేవి ఇవే. స్కూబా డైవింగ్ చేశాక కనీసం 18 నుంచి 24 గంటలదాకా విమానం ఎక్కకూడదు. కాబట్టి డైవింగ్‌ని చివరి రోజుకి అట్టిపెట్టకూడదు. గుర్తుగా పగడపు ముక్క ఏరుకుని జేబులో వేసుకోవడం కూడా మనదేశంలో నేరమే.

ఇదంతా చదివాక కూడా ఎటూ తేలకపోతే ఓ చిన్న చిట్కా. ఇద్దరూ చెరో కాగితం మీద మూడు కోరికలూ, ఒక భయమూ రాసుకోండి. ఆమె భయం 'లోతు నీళ్లు' అయితే, నీళ్ల మీద కుటీరంకన్నా ఒడ్డున ఉన్న గది మేలు. అతని భయం 'ఈఎంఐ' అయితే, మాల్దీవులకన్నా అండమాన్ మేలు. కోరికలు కలవకపోయినా ఫర్వాలేదు... భయాలు తెలిస్తే చాలు. దీవి దానంతటదే తేలుతుంది!