చందా యడుగుటకు ముందు సలహా యడుగవలెను

మన పిల్లలు ఇప్పుడు ఆటల నాడుటయే గాక, ఆటలను నిర్మించుచున్నారు. మా కంచికచర్ల హైదరాబాదు విజయవాడల నడుమ రాజమార్గముపై నున్న యూరు. ఇచ్చట పత్తి మిరపకాయల మాటతోపాటు ఇంజనీరింగు చదువుల మాటయు ఇంటింట వినవచ్చును. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే, చదువుకొను యువతీయువకులు మా యరుగుమీదికి వచ్చి తాము చేసినవానిని చూపుట కలదు. కొందరు ఏ కంపెనీ యండయు లేక, తామే బొమ్మలు గీసి, తామే లెక్కలు కట్టి, సెల్‌ఫోనులో నాడదగిన పొడుపుల ఆటను, అనగా పజిల్ గేమును, తయారు చేయుచున్నారు. సగము పని యగునప్పటికి చేతిలోని రూకలు చెల్లును. అప్పుడు పదుగురిని కొంచెము కొంచెముగా సహాయమడిగి ఆటను ముగింపవలెనను తలంపు కలుగును. దీనినే క్రౌడ్‌ఫండింగ్ అందురు. అట్టి విన్నపపత్రమును లోకమున పెట్టుటకు ముందు ఎవరికి చూపవలెను, ఎట్లు చూపవలెను అనునదే నేటి మా ప్రస్తావము.

పదుగురి ధనముతో పెద్దపని చేయుట మనకు క్రొత్త గాదు. మా నందిగామ ప్రాంతమునకు చేరిన పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మిత్రులతో గలసి 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పిరి. చదువరుల యాదరమే దానికి ఊపిరి. పిదప ఆయన తలపెట్టిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము మూడు సంపుటములు వెలువడినను, 1923లో ఆయన గతించునాటికి పూర్తికాలేదు. అంతటి పండితుని పనియే అట్లుండగా, చందా నిచ్చువారు ఇంకను పూర్తికాని పనికి ముందుగా ధనమిచ్చుచున్నారను సంగతిని మరువరాదు. అది అంగడిలోని బేరము గాదు, నమ్మకము.

నేడు ఈ పనికి కిక్‌స్టార్టర్ అను అమెరికా సంస్థ పేరుపొందినది. అది 2009లో మొదలైనది. అచ్చట విన్నపము చేయువారు తమ పని యేమో, ఎంత ధనము కావలెనో, ఎన్ని దినముల గడువో ముందే ప్రకటింపవలెను. గడువు 60 దినములకు మించరాదు. ఆలోపల కోరిన మొత్తము చేరినచో ధనము చేతి కందును; చేరనిచో ఎవ్వరియొద్దను ఏమియు పుచ్చుకొనరు. సంస్థ నూటికి 5 వంతున తీసికొనును. చెల్లింపుల రుసుము దానికి వేరు. ఏ దేశములవారు విన్నపము పెట్టవచ్చునో ఒక పట్టిక కలదు. మొదట దానిని చూచుకొనవలెను. లక్ష రూపాయల విలువ వచ్చినదనగా లక్షయు ఆటకు వచ్చినట్లు గాదు. సంస్థకు 5,000 పోవును. చందాదారులకు బహుమానముగా నిత్తుమన్న బొమ్మలకును పుస్తకములకును అచ్చుకూలి, టపా ఖర్చు పోవును. ఇల్లు దిద్దుకొను స్త్రీకి ఈ లెక్క ఎవ్వరును నేర్పనక్కఱలేదు.

ధనము మిక్కుటముగా వచ్చినను చిక్కు తీరదనుటకు ఒక యుదాహరణము. 2012లో అమెరికాలోని డబుల్ ఫైన్ అను ఆటల సంస్థవారు 4 లక్షల డాలర్లు కోరగా, 87 వేలకు పైబడిన జనులు 33 లక్షల డాలర్లకు మించి యిచ్చిరి. అది పొడుపులు విప్పుచు కథలో ముందుకు సాగు ఆట. అయినను మరుసటి యేడే ఆ ధనము చాలదని వారు చెప్పవలసివచ్చెను. 'బ్రోకెన్ ఏజ్' అను పేర ఆట మొదటి సగము 2014లోను, రెండవ సగము 2015లోను వెలువడినది. ధనముతోపాటు ఆశయు పెరిగెనన్నమాట. ఈథన్ మాలిక్ అను ఆచార్యుడు 2015లో ప్రకటించిన పరిశీలన ననుసరించి, కిక్‌స్టార్టరులో ధనము పొందిన పనులలో నూటికి 9 చందాదారులకు మాట యిచ్చినది ఈయజాలకపోయినవి. కావున మాట యిచ్చుటకు ముందే దానిని తూచుకొనవలెను. తూచుటకు త్రాసు ఇతరుల కన్నులే.

వంటచేయునామె పొయ్యిసెగలో నిలిచి నిలిచి, పులుసులో ఉప్పు సరిపోయినదో లేదో తన నాలుకకు తెలియక, ప్రక్కనున్నవారిని ఒక చుక్క రుచిచూడుమనును. ఆట చేసినవాని స్థితియు నట్టిదే. పొడుపును కట్టినవానికి విడుపు ముందే తెలియును. కావున అది కష్టమో సులభమో వాడు చెప్పజాలడు. విన్నపము వ్రాసినవానికి ఆట యెట్టిదో తెలియును. కావున తాను చెప్పక విడిచినదేదో వానికి కనబడదు. కావ్యమునకు పండితుని మెప్పు గీటురాయి. ఈ పత్రమునకు మాత్రము ఏమియు తెలియనివారి తడబాటే గీటురాయి.

అయితే ఈ తెలియమి ఒక్కమారే ఖర్చుపెట్టదగిన సొమ్ము. విడుపు విన్నవారు మరల విననివారు కాజాలరు. ఉత్సాహవంతులు మొదటిదినముననే స్నేహితులకును బంధువులకును ఇరువదిమందికి ఒక్కసారి పంపుదురు. ఇరువదిమందియు ఒక్క లోపమునే చూపుదురు. దానిని దిద్దిన పిమ్మట చూపుటకు క్రొత్త కన్ను మిగులదు. ఇద్దరికి చూపి, దిద్ది, మఱి యిద్దరికి చూపుటయే మేలు. ఆట తెలిసినవారు ఒకరు, తెలియనివారు ఒకరు ఉన్నచో మఱింత మేలు.

చూపునప్పుడు చేసినవారు నోరు మెదపరాదు. లోకములోని చదువరి ప్రక్కను వివరించువా డెవ్వడును కూర్చుండడు గదా! 'బాగున్నదా?' యని యడిగినచో మేనత్త బాగున్నదనక మఱేమనును? పత్రమును చదువనిచ్చి, తీసివైచి, ఈ ప్రశ్నల నడుగవలెను: ఇది యెట్టి ఆట? ఎంత ధనము, దేనికి? ఎప్పుడు చేతికి వచ్చును? ఆలస్యమైన నేమగును? జవాబు తడబడినచోట వ్రాతయే తడబడినదని యెఱుగవలెను. కడపటి ప్రశ్న యిది: 'నీ కొంగుముడిలోని నూరు రూపాయ లిత్తువా?' మెచ్చుకొనుట వేరు, ముడి విప్పుట వేరు.

పొడుపుల ఆటకు మఱియొక చిక్కు కలదు. ఏమియు చూపనిచో జనులు నమ్మరు. అంతయు చూపినచో ఆడుట కేమియు మిగులదు. ఒక్క చిన్న పొడుపును మొదటినుండి విడుపువరకు చదువరిచేతనే ఆడింపవలెను. పులి-మేక ఆటను మాటలతో వర్ణించుటకన్న, నేలపై గీతలు గీసి రెండెత్తులు వేయించుట సులభము గదా! ఆ చిన్నదానిని విప్పినప్పుడు కలిగిన సంతోషమే తక్కిన ఆటకు సాక్ష్యము చెప్పును.

సలహాలు పరస్పరవిరుద్ధముగ వచ్చుటయు కలదు. ఒకరు పొడవనిన, మఱియొకరు చాలదందురు. వారు చెప్పిన మందును విడిచి, చూపిన నొప్పిని పట్టుకొనవలెను. ఇద్దరును ఒక్కచోటనే ఆగినచో లోపమచ్చటనే యున్నది; దిద్దు విధము చేసినవారే నిర్ణయింపవలెను. విన్నపము నెగ్గనిచో పని చెడినదని కుందనక్కఱలేదు. పూనాలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారు, తమ్ముని వెదకుచు పోరాడు బాలిక కథగా 'రాజీ' యను ఆటకై 2017లో కిక్‌స్టార్టరులో చందా కోరగా, కోరిన మొత్తము రాలేదు. అయినను ఆట 2020లో వెలువడి దేశదేశముల వారిచే ఆడబడినది.

ఇక మనకు చెప్పవలసినది. పిల్లవాడో పిల్లయో ఇట్టి పత్రమును తెచ్చి చూడుమనినప్పుడు 'మాకేమి తెలియును, మీ నాన్నగారికి చూపుము' అని త్రోసివేయకుడు. మీకు తెలియకపోవుటయే వారికి కావలసినది. అర్థమైనంత చెప్పుడు; కానిచోట కాలేదని మొగమోటము లేక చెప్పుడు. ఇంటిలో నిజము వినినవారు వీధిలో మాట తప్పరు. ముక్కు మొగము తెలియని వేయిమంది కష్టార్జితమును పుచ్చుకొనబోవు చేతికి, తల్లి, అత్త, వదినె ముందుగా వేయగల కాపుదల యిదియే.