గట్టు మీద నీళ్ళకుండ

స్టార్టరు పెట్టె పక్కన ఆ డబ్బా ఏంటి తాతా అని నిన్న అడిగావు కదరా నాన్నా. అది కెపాసిటర్. మన దర్శి మెట్టల్లో బోరున్న రైతులందరికీ దాని పేరు తెలుసు. పనిచేస్తుందో లేదో చూసేవాళ్ళే తక్కువ.

2004లో రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇచ్చింది. ఆ కరెంటు వృథా కాకూడదని తర్వాత షరతులు పెట్టారు. మోటారుకి కెపాసిటర్ ఉండాలి, పంపుసెట్టుకి ఐఎస్‌ఐ మార్కుండాలి, బావి మోటారైతే నీళ్ళకి అడ్డుపడని ఫుట్‌వాల్వు, నున్నటి పైపులు ఉండాలి. లేకపోతే బిల్లు కట్టాల్సిందే అన్నారు.

మోటారుకి కరెంటుతో రెండు పనులుంటాయి. ఒకటి నీళ్ళు తోడటం. రెండోది తన లోపల అయస్కాంతాన్ని నిలబెట్టుకోవడం. ఈ రెండోదానికి వచ్చిన కరెంటు ఖర్చయిపోదు. ట్రాన్స్‌ఫార్మరుకీ మోటారుకీ మధ్య ఊరికే వస్తూ పోతూ ఉంటుంది.

మిరపకోతలప్పుడు చూశావుగా! చేలో నీళ్ళు లేకపోతే కూలీలు దాహమైనప్పుడల్లా ఊళ్ళోకి వెళ్ళి రావాలి. డొంకంతా మనుషులే, మిరప బస్తాల ట్రాక్టరుకి దారుండదు. అదే గట్టు మీద ఓ కుండ పెట్టామనుకో, డొంక ఖాళీ. ఆ కుండే కెపాసిటర్. 5 హార్స్‌పవర్ మోటారుకి 2 కేవీఏఆర్‌ది చాలు.

కెపాసిటర్ వల్ల తీగలో కరెంటు పదో వంతు తగ్గితే వేడి దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. లైను చివరి మోటారుకి కూడా వోల్టేజీ నిలుస్తుంది. అది పడిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగి వైండింగు మాడుతుంది. తోట తడి కోసం వాడిపోతుంటే రివైండింగు షాపు ముందు కూర్చున్న రోజులు నాకింకా గుర్తే.

రూలు మంచిదే నాన్నా. కానీ నా కెపాసిటర్ మేలు నాకంటే పక్క రైతుకీ ట్రాన్స్‌ఫార్మరుకీ ఎక్కువ. పది మోటార్లుంటే పదింటికీ ఉండాలి. పైగా అది చెడిపోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, బిల్లూ రాదు, ఇక తెలిసేదెలా? కరెంటోళ్ళు కనెక్షన్ ఇచ్చిన రోజు చూసి వెళ్ళిపోతే చాలదు. ఏటా ఎండాకాలం ముందు మనిషి వచ్చి క్లాంపు మీటరు పెట్టి చూడాలి, పాడైతే అక్కడికక్కడే మార్చాలి. ఇది నేను ఎవరితోనైనా గట్టిగా చెబుతాను.

రేపు ఎలక్ట్రీషియన్ వస్తాడు, మనదీ చూపిద్దాం. డబ్బా ఉబ్బి ఉంటే మార్పిద్దాం. నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకు. కరెంటు ఆపేసినా కాసేపటిదాకా అందులో మిగిలే ఉంటుంది.